సముద్రం అడుగున కాపలా
(కూకట్‌పల్లిలో జరిగిన మన సంక్షేమ సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి విజ్ఞానశాస్త్ర విషయం ఒకటి తీసుకుని అందరికీ అర్థమయ్యేటట్లు చెప్పమని కార్యవర్గంవారు మమ్మల్ని ఆదేశించారు. మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు, సైన్సు చెప్పుకునేవాళ్ళం. పరిశోధకులం కాము. అందుచేత ఉపన్యాసం మా చేతకాదు, పాఠం చెప్పినట్లే చెబుతాము. మధ్యలో ఎవరికైనా అర్థం కాకపోతే చెయ్యి ఎత్తవచ్చును. పెద్దలు కూడా ఎత్తవచ్చును.

విషయం ఇది. శాస్త్రజ్ఞులు పెట్టిన పరికరాల నుండి కొలతలు క్షణక్షణం వచ్చి పడుతుంటాయి. వాటిని అప్పటికప్పుడు చూసి, పనికివచ్చేది ఏరి, మిగతాది వదిలి, ప్రమాదం ఉంటే కేక వేయాలి. ఈ పనిని మైక్రోప్రాసెసర్ అనే గోరంత చిప్పు చేత ఎట్లా చేయిస్తున్నారు అన్నదే నేటి పాఠం.

మనకేమి సంబంధం అని కొందరికి అనిపించవచ్చు. మనం కూర్చున్న చోటుకు కొద్ది కిలోమీటర్ల దూరంలో ప్రగతినగర్ ఉంది. అక్కడ ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది. అనగా భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. 1999లో ఏర్పడింది. సముద్రం మన ఊరికి వందల మైళ్ళ దూరాన ఉన్నది, కాని హిందూ మహాసముద్రంలో సునామీ పుడితే మొదట లెక్కకట్టి దేశానికి చెప్పే గది మన పొరుగునే ఉంది. బస్సులో ఆ దారిన ఎన్నోసార్లు పోయివుంటాము. లోపల ఏమి జరుగుతుందో మనలో చాలామందికి తెలియదు. అదే ఈ రోజు చెప్పదలచుకున్నాము.

రెండున్నర గంటలు

2004 డిసెంబరు 26. ఆదివారం, పౌర్ణమి. మన గడియారంలో ఉదయం ఆరు గంటల ఇరవైతొమ్మిది నిమిషాలకు సుమత్రా దీవి దగ్గర సముద్రం అడుగున భూమి కంపించింది. తీవ్రత 9.1. ఆ కంపానికి పుట్టిన అల చెన్నై తీరానికి చేరినది సుమారు తొమ్మిది గంటలకు. అంటే మధ్యలో రెండున్నర గంటల వ్యవధి ఉన్నది. ఒక సినిమా చూసేంత సమయం. ఆ సమయంలో తీరంలోని మనిషి నడిచి పోయినా ప్రాణం దక్కేది. కాని చెప్పేవారు లేరు. పిల్లలు ఇసుకలో ఆడుకుంటూనే ఉన్నారు, జాలరులు వలలు బాగుచేసుకుంటూనే ఉన్నారు. పద్నాలుగు దేశాలలో రెండు లక్షలమందికి పైగా చనిపోయారు. మన దేశంలో పదివేలకు పైగా. మన కోస్తా జిల్లాలలో నూరుమందికి పైగా పోయారు.

అసలు బాధ ఏమిటంటే, కొలత లేక కాదు. భూకంపాన్ని ప్రపంచమంతటా సీస్మోగ్రాఫులు పట్టుకున్నాయి. జేసన్-1 అనే ఉపగ్రహం సుమారు రెండు గంటల తరువాత బంగాళాఖాతం మీదుగా పోతూ, నడిసముద్రంలో అల సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నట్లు కొలిచింది కూడా. కాని ఆ కొలతను విప్పి, లెక్కవేసి, ఇది సునామీ అని మనుషులు తేల్చుకునేసరికి గంటలు గడిచిపోయాయి. అప్పటికి అయిపోవలసినదంతా అయిపోయింది. పసిఫిక్ మహాసముద్రంలో 1949 నుండే హెచ్చరిక కేంద్రం ఉంది. హిందూ మహాసముద్రానికి లేదు.

కాబట్టి పిల్లలూ, ఒక మాట గుర్తుపెట్టుకోండి. సమాచారం ఉండటం వేరు, సమయానికి ఉండటం వేరు. పరీక్ష అయిపోయిన తరువాత జవాబు గుర్తుకొస్తే మార్కులు పడవు కదా.

ముందు రోజుల్లో ఎట్లా కొలిచేవారు

కొలిచే విద్య మన హైదరాబాదుకు కొత్తది కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ అనే ఆయన ఇంగ్లండు నుండి పెద్ద దూరదర్శిని తెప్పించి, ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో ఖగోళ పరిశీలనశాల పెట్టారు. అదే నిజామియా అబ్జర్వేటరీ. 1908లో దానిని నిజాం ప్రభుత్వం తీసుకున్నది. తరువాత బేగంపేటకు తరలించారు. ప్రపంచ దేశాలన్నీ కలిసి ఆకాశానికంతటికీ ఒక పటం తయారుచేయాలని పూనుకున్నప్పుడు, ఆకాశంలో ఒక పట్టీని మన హైదరాబాదుకు అప్పగించారు. రాత్రి గాజు పలకల మీద ఫోటో తీయడం, పగలు బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్క చుక్క స్థానాన్ని కొలిచి పుస్తకంలోకి ఎక్కించడం. ఇట్లా ఏళ్ళ తరబడి లక్షల నక్షత్రాలను కొలిచారు. ఆ కొలిచినవారి ఓపికకు సలాం చేయవలసిందే.

కాని గమనించండి. నక్షత్రం ఎక్కడికీ పోదు. ఈ రోజు ఫోటో తీసి వచ్చే సంవత్సరం కొలిచినా కొంప మునగదు. అక్కడ పద్ధతి ఏమిటంటే: అంతా దాచు, తీరికగా చూడు. సునామీ దగ్గర ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ కొలత పుట్టిన చోటే, పుట్టిన క్షణంలోనే, ఇది మామూలుదా, ప్రమాదమా అని ఎవరో ఒకరు తేల్చాలి. నాలుగు కిలోమీటర్ల లోతున సముద్రం అడుగున గుమాస్తాను కూర్చోబెట్టలేము కదా.

ఇక్కడికి వచ్చింది మైక్రోప్రాసెసర్. 1971లో అమెరికాలో ఇంటెల్ కంపెనీ 4004 అనే చిప్పును అమ్మకానికి పెట్టింది. దానిలో ఉన్నవి 2,300 ట్రాన్సిస్టర్లు. అంతకుముందు లెక్కచేసే యంత్రం అంటే బీరువాలంత ఉండేది. మన ఇ.సి.ఐ.ఎల్. సంగతే తీసుకోండి. 1967లో డాక్టర్ ఎ.ఎస్. రావుగారి నాయకత్వంలో హైదరాబాదులో మొదలైంది. ఎ.ఎస్. రావు నగర్ అని మనం పిలిచేది ఆయన పేరే. అక్కడ 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరు తయారైంది. అది గదిలో పెట్టుకునే సామాను. దానికి ఆపరేటరు కావాలి, చల్లదనం కావాలి. మైక్రోప్రాసెసర్ వచ్చాక లెక్కచేసే బుర్ర గోరంత అయింది. కొద్దిపాటి బ్యాటరీతో నడుస్తుంది. దానిని తీసుకుపోయి కొలిచే పరికరం పక్కనే, కొండమీదైనా, నీటి అడుగునైనా పెట్టవచ్చును. అసలు మార్పు అక్కడుంది. ఇంతకుముందు కొలతలన్నీ కంప్యూటరు దగ్గరికి రావాలి. ఇప్పుడు కంప్యూటరే కొలత దగ్గరికి పోయింది.

అన్నీ ఎందుకు దాచకూడదు?

మా తరగతిలో ఒక పిల్లవాడు వేసిన ప్రశ్న ఇది. మంచి ప్రశ్న. జవాబు లెక్కలో ఉంది.

భూకంపాన్ని కొలిచే పరికరం సెకనుకు వందసార్లు కొలుస్తుందనుకోండి. అదికూడా మూడు దిక్కులలో: పైకి కిందికి, ఉత్తర దక్షిణాలు, తూర్పు పడమరలు. అంటే సెకనుకు 300 అంకెలు. రోజుకు 86,400 సెకన్లు. హెచ్చవేస్తే 2 కోట్ల 59 లక్షల 20 వేల అంకెలు. ఒక్క పరికరం, ఒక్క రోజు! ఇంటి గోడమీద నడిచే చీమలను లెక్కపెట్టినట్లే. దానిలో నిజంగా భూకంపం తాలూకు అంకెలు కొన్ని నిమిషాలవే ఉంటాయి, అదీ ఏదో ఒక రోజున. భూమిమీద ఉన్న పరికరం అయితే తీగమీదో, ఉపగ్రహం ద్వారానో అన్నీ పంపించవచ్చును. దాచవచ్చును కూడా. సముద్రం అడుగున ఉన్నదానికి ఆ భాగ్యం లేదు. దాని బ్యాటరీ ఎంత, దాని గొంతు ఎంత?

ఇంట్లో అమ్మీజాన్ చాటతో బియ్యం చెరగడం చూశారు కదా. పొట్టు ఎగిరిపోతుంది, గింజ నిలుస్తుంది. కాని చెయ్యి తిరగనివారు చెరిగితే గింజ కూడా పోతుంది. సమాచారం చెరగడం కూడా అంతే. పొట్టు అనుకుని గింజ పారేశామా, అది మళ్ళీ రాదు. గింజ అనుకుని పొట్టంతా ఉంచామా, సంచి మొయ్యలేము. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలి అన్నదే ఈ శాస్త్రమంతా.

భూమి చప్పుడు, తరగతి చప్పుడు

మొదట భూకంపం సంగతి. భూమి ఎప్పుడూ కొద్దిగా కదులుతూనే ఉంటుంది. లారీ పోతుంది, గాలి వీస్తుంది, సముద్రపు అలలు ఒడ్డుకు కొట్టుకుంటాయి. పరికరానికి ఇదంతా వినిపిస్తుంది. దీనిలో భూకంపం ఏది?

మా పద్ధతి చెబుతాము. యాభైమంది పిల్లల తరగతిలో మేము బోర్డుమీద రాస్తుంటే వెనుక ఒక మాదిరి గుసగుస ఎప్పుడూ ఉంటుంది. దానికి తిరిగి చూడము. ఉన్నట్టుండి ఆ గోల మూడు నాలుగు రెట్లు లేచిందా, వెంటనే తిరుగుతాము. ఎంత గోల అన్నది కాదు, మామూలుకంటే ఎన్ని రెట్లు అన్నదే ముఖ్యం. మధ్యాహ్నం ఇంటర్వెల్ ముందు గోల ఎట్లాగూ ఎక్కువ, దానికి తగ్గట్టు చెవి సర్దుకుంటుంది.

చిప్పు కూడా ఇదే చేస్తుంది. గడిచిన రెండు మూడు సెకన్ల సగటు ఒకటి తీస్తుంది. గడిచిన అరనిమిషమో నిమిషమో సగటు ఇంకొకటి తీస్తుంది. మొదటిదానిని రెండవదానితో భాగిస్తుంది. భాగఫలం మూడో నాలుగో దాటితే 'ఏదో జరిగింది' అని గుర్తుపెడుతుంది. ఐదవ తరగతి పిల్లవాడికి వచ్చిన లెక్కే. సగటు, భాగహారం. దానిని అలుపులేకుండా ప్రతి క్షణం చేయడమే చిప్పు గొప్పతనం.

ఒక్క పరికరం మాట నమ్మరు. దాని పక్కనుంచి లారీ పోయివుండవచ్చు. వేర్వేరు చోట్లనున్న పరికరాలు, తగిన తేడాతో, ఒకదాని తరువాత ఒకటి అదే మాట చెబితేనే భూకంపం అని తేలుస్తారు. ఏది ముందు విన్నది, ఏది తరువాత విన్నది అన్న తేడానుబట్టి ఎక్కడ పుట్టిందో లెక్క తెలుస్తుంది. సాక్షులు ఎక్కువైనకొద్దీ తీర్పు గట్టిపడుతుంది.

భూకంప తరంగాలలో అన్నిటికంటే వేగంగా పోయేది లోపలి పొరలలో సెకనుకు సుమారు ఎనిమిది కిలోమీటర్లు పోతుంది. సుమత్రా నుండి హైదరాబాదుకు సుమారు 2,500 కిలోమీటర్లు. ఐదు నిమిషాలలో వార్త మన పాదాల కిందికి వచ్చేస్తుంది. నీటిలో పోయే సునామీకి మన తీరం చేరడానికి రెండు గంటలు దాటుతుంది. ఐదు నిమిషాలకు, రెండున్నర గంటలకు మధ్య ఉన్న ఆ తేడాలోనే ప్రాణాలున్నాయి.

సముద్రం అడుగున

భూకంపం వచ్చినంత మాత్రాన సునామీ రాదు. అడుగు నేల పైకి లేచి నీటిని ఎత్తితేనే వస్తుంది. నీరు నిజంగా లేచిందా అని నీటినే అడగాలి. అందుకని సముద్రం అడుగున ఒత్తిడిని కొలిచే పరికరాన్ని దింపుతారు. మన దేశంలో బంగాళాఖాతంలోను, అరేబియా సముద్రంలోను వీటిని దింపి చూసుకునేది చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ. వార్త చేరేది మన ప్రగతినగర్‌కు.

పైన నీటిమట్టం పెరిగితే అడుగున బరువు పెరుగుతుంది. దానిలో క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. ఒత్తిడి మారితే దాని కంపనం మారుతుంది. వేల మీటర్ల నీటి బరువు నెత్తిన పెట్టుకుని, పైన ఒక మిల్లీమీటరు నీరు పెరిగినా పట్టుకోగలదు. ఏనుగును తూచే త్రాసు దానిమీద వాలిన ఈగను కూడా చెప్పినట్లు.

కాని చిక్కు ఉంది. సముద్రం మట్టం రోజూ మారుతుంది. పోటు, ఆటు ఉన్నాయి. అవి మీటర్ల లెక్కన వస్తాయి. సునామీ నడిసముద్రంలో కొద్ది సెంటీమీటర్లే ఉండవచ్చు. ఓడలో ఉన్నవాడికి తెలియను కూడా తెలియదు. పెద్దదానిలో దాగిన చిన్నదానిని ఎట్లా పట్టాలి?

అమెరికావారు డార్ట్ అనే పేరుతో తెచ్చిన పద్ధతి ఇది. చిప్పు పదిహేను సెకన్లకు ఒకసారి కొలుస్తుంది. గడిచిన మూడు గంటల కొలతలను చూసి, పోటు ఆటుల నడక ప్రకారం ఇప్పుడు మట్టం ఇంత ఉండాలి అని తనే ఊహిస్తుంది. అసలు కొలతను ఆ ఊహతో పోలుస్తుంది. తేడా లేదా, సరే. తేడా మూడు సెంటీమీటర్లు, అనగా రెండు వేళ్ళ వెడల్పు, దాటిందా, మేలుకుంటుంది. పోటు ఆరు గంటలలో మెల్లగా ఎక్కుతుంది కాబట్టి ముందే ఊహించవచ్చు. సునామీ నిమిషాలలో ఎక్కుతుంది కాబట్టి ఊహకు అందదు. అందనిదే ప్రమాదం. పద్ధతి ఇంతే.

మామూలు రోజులలో అది ఎంత పొదుపో చూడండి. పదిహేను సెకన్లకు ఒకటి చొప్పున రోజుకు 5,760 కొలతలు. దానిలో పదిహేను నిమిషాలకు ఒకటి చొప్పున 96 మాత్రమే పంపుతుంది. అంటే అరవైలో ఒకటి. ఏదైనా జరిగిందా, అప్పుడు పొదుపు మానేస్తుంది. మొదట పదిహేను సెకన్ల కొలతలు, తరువాత నిమిషం నిమిషం సగటులు ఎడతెగకుండా పంపుతుంది. అల్లరి తగ్గాక మళ్ళీ మౌనంలోకి పోతుంది. అడుగునుండి మాట పైకి రావడానికి తీగ లేదు. నీటిలో శబ్దం ద్వారా పైన తేలే బోయాకు చెబుతుంది. బోయా ఉపగ్రహానికి చెబుతుంది. ఉపగ్రహం నేలకు చెబుతుంది.

సునామీ వేగం కూడా పదవ తరగతి పిల్లలు కట్టగలరు. సముద్రం లోతును గురుత్వ త్వరణంతో హెచ్చవేసి వర్గమూలం తీయండి. 4,000 మీటర్ల లోతులో సెకనుకు 198 మీటర్లు వస్తుంది, గంటకు 700 కిలోమీటర్ల పైన. విమానం వేగం. ఒడ్డు దగ్గర పది మీటర్ల లోతులో గంటకు 36 కిలోమీటర్లే. ముందుది నెమ్మదించి వెనుకది తరుముకు రావడంతో నీరు కుప్పగా లేస్తుంది. నడిసముద్రంలో రెండు వేళ్ళంతది ఒడ్డున మనిషిని ముంచేది ఇందుకే. కాబట్టి అడుగున ఉన్న చిప్పు సెంటీమీటర్లకు ఉలిక్కిపడటంలో తప్పులేదు.

ఇదే పద్ధతి ఇంకొకచోట

ఈ ఏరివేత మొదట బాగా సాగినది పరమాణువుల లోపలి కణాలను వెతికే ప్రయోగాలలో. జెనీవా దగ్గర సెర్న్ అనే ప్రయోగశాల ఉంది. ప్రయోగాలలో మైక్రోప్రాసెసర్లను ఎట్లా వాడాలి అన్న ఒక్క విషయం మీదే 1981 మేలో అక్కడ సమావేశం జరిగింది. నేడు అక్కడి పెద్ద యంత్రంలో ప్రోటాన్ల గుంపులు సెకనుకు సుమారు నాలుగు కోట్లసార్లు ఎదురెదురుగా దాటుకుంటాయి. అన్నీ దాచుకోవడానికి ప్రపంచంలో డిస్కులు చాలవు. మొదటి వడపోతలో ప్రత్యేకంగా తయారుచేసిన చిప్పులు, సెకనులో పదిలక్షలవ వంతులు కొన్ని గడిచేలోపే, నాలుగు కోట్లను లక్షకు తగ్గిస్తాయి. రెండవ వడపోతలో కంప్యూటర్లు ఆ లక్షను వెయ్యి, రెండువేల లెక్కకు తెస్తాయి. 2012 జులై 4న ప్రకటించిన హిగ్స్ కణం ఇట్లా వడపోసిన గింజలలోనే దొరికింది. ఆ పనిలో మన దేశపు టాటా పరిశోధన సంస్థవారు కూడా పాలుపంచుకున్నారు.

అక్కడ పారేసినదానిలో ఏమున్నదో ఎవరికీ తెలియదు. అందుకని ఆ శాస్త్రజ్ఞులు, వద్దనుకున్నవాటిలోనుంచి కూడా గుడ్డిగా కొన్నిటిని తీసి దాచి చూసుకుంటారు, వడపోత సరిగానే ఉన్నదా అని. మేము పరీక్ష పేపర్లు దిద్దిన తరువాత పెద్ద పంతులుగారు నాలుగు తీసి మళ్ళీ చూసినట్లు. యంత్రాన్ని పెట్టి మరచిపోకూడదు. కాపలాదారు మీద కూడా కాపలా ఉండాలి.

సహరీకి లేపేవాడు

ఇక అసలు కష్టం. రంజాన్‌లో సహరీకి మనలను లేపే మనిషి ఉంటాడు. అతడు ఒక్కరోజు నిద్రపోతే వాడంతా సహరీ లేకుండా ఉండవలసివస్తుంది. అట్లా అని భయపడి అర్ధరాత్రి ఒకసారి, ఒంటిగంటకు ఒకసారి, రెండింటికి ఒకసారి లేపితే నాలుగవ రోజునుండి అతని కేక ఎవరూ పట్టించుకోరు. రెండూ నష్టమే. మొదటిదానిని మనం తప్పిన హెచ్చరిక అందాము, రెండవదానిని తప్పుడు హెచ్చరిక అందాము. మూడు సెంటీమీటర్ల గీతను ఒకటికి తగ్గిస్తే తప్పిపోయేవి తగ్గుతాయి, తప్పుడు కేకలు పెరుగుతాయి. పదికి పెంచితే అటుదిటు అవుతుంది. రెండూ సున్నా అయ్యే గీత ఏ దేశంలోనూ లేదు.

ఈ పరీక్ష మన కేంద్రానికి నిజంగానే వచ్చింది. సునామీ హెచ్చరిక కేంద్రం 2007 అక్టోబరు 15న ప్రగతినగర్‌లో పని మొదలుపెట్టింది. 2012 ఏప్రిల్ 11, మధ్యాహ్నం రెండు గంటల ఎనిమిది నిమిషాలు. మళ్ళీ సుమత్రా దగ్గరే, తీవ్రత 8.6. చెన్నైలో భవనాలు ఊగి జనం వీధిలోకి వచ్చారు. 2004 అందరి కళ్ళముందు తిరిగింది. పది నిమిషాల లోపే కేంద్రం మొదటి ప్రకటన పంపింది.

అప్పుడు రెండు తప్పులు చేయడానికి వీలుండేది. ఏమీ కాదులే అనడం ఒకటి. తూర్పు తీరమంతటినీ ఖాళీ చేయించడం ఇంకొకటి. లక్షలమందిని ఉరికిస్తే ఆ తొక్కిడిలోనే ప్రాణాలు పోతాయి. కేంద్రం ఈ రెండూ చేయలేదు. ముందుగానే లెక్కకట్టి దాచుకున్న నమూనాలను చూసి, ఏ తీరానికి ఎంత అల రాగలదో తీరం తీరానికి వేరుగా చెప్పింది. రెండు మీటర్లు దాటేటట్లుంటే హెచ్చరిక, దానికి తక్కువైతే అప్రమత్తత, ఇంకా తక్కువైతే గమనిస్తూ ఉండమని. దగ్గరనున్న నికోబార్ దీవులలో కొన్ని చోట్లకు పై మెట్టు, దూరపు తీరాలకు కింది మెట్టు. ఆ తరువాత చూపంతా సముద్రం అడుగునున్న పరికరాల మీదే. అవి చిన్న అలనే చూపించాయి. ఆ భూకంపంలో నేల పలకలు పైకి లేవలేదు, పక్కకు జరిగాయి. అందుచేత నీరు పెద్దగా ఎత్తబడలేదు. సాయంత్రం మళ్ళీ 8.2 తీవ్రతతో ఇంకొకటి వచ్చింది. దానినీ అట్లాగే చూసి, చివరకు హెచ్చరికలు ఎత్తివేశారు.

భూకంపం పెద్దదని భయపెట్టింది భూమి. అల చిన్నదని ధైర్యం చెప్పింది ఆ చిప్పు. కేక వేయడమే కాదు, అనవసరపు కేకను ఆపడం కూడా కాపలాదారు పనే. ఆ కేంద్రం 2011 అక్టోబరు నుండి మన దేశానికే కాక హిందూ మహాసముద్రపు దేశాలన్నిటికీ, ఆస్ట్రేలియా, ఇండోనేషియా కేంద్రాలతో కలిసి, ఈ సేవ చేస్తున్నది. హైదరాబాదీలుగా మనం గర్వపడవలసిన విషయం.

చివరి మైలు

కాని యంత్రం తీరంవరకే తీసుకుపోగలదు. అక్కడినుండి మనిషే.

నడిసముద్రంలో తేలే బోయాల నీడలో చేపలు చేరతాయి. కొందరు పడవలవాళ్ళు వాటికి తాడు కట్టి వేట చేస్తారు. వల చిక్కుకుంటే కోస్తారు. పరికరం పాడవుతుంది, దీపం పోతుంది, బోయా కొట్టుకుపోతుంది. తన పిల్లలను కాపాడే కాపలాదారుకే దెబ్బ తగిలిందని అతనికి తెలియదు. ఎవరూ అతని భాషలో కూర్చుని చెప్పలేదు. తప్పు అతనిదని అంటే సరిపోదు.

హెచ్చరిక మాట కూడా అంతే. ప్రగతినగర్‌నుండి సమాచారం ఢిల్లీకి, రాష్ట్ర రాజధానికి, జిల్లాకు నిమిషాలలో చేరుతుంది. జిల్లా నుండి గుడిసెకు చేరడానికి ఎంతసేపు? చేరినా, ఎటువైపు పరుగెత్తాలో ఆ ఇల్లాలికి తెలుసునా? ఒడిశాలో వెంకట్రాయిపూర్, నోలియాసాహి అనే రెండు ఊళ్ళవారు ఎత్తైన చోటు ఏది, దారి ఏది, ముసలివారిని ఎవరు మోయాలి అని ముందే నిర్ణయించుకుని సాధన చేశారు. 2020లో యునెస్కో వారు ఆ ఊళ్ళను సునామీకి సిద్ధమైనవిగా గుర్తించారు. చిప్పు పని అక్కడ పూర్తి అయింది అనవచ్చు.

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన మన పెద్దలలో కొందరు కళ్ళారా చూశారు. ఈ సభలోనే బందరు, బాపట్ల వైపు చుట్టరికాలు ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ ఒక్క రాత్రి వేలమంది పోయారు. తుఫాను వస్తున్నదని రేడియో చెప్పింది, కాని రేడియో లేని ఇళ్ళెన్నో. మనకు దగ్గరిది 1908 మూసీ వరద, దాని తరువాతనే గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులు కట్టారు. 2020 అక్టోబరు వాన సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదు. ఈ రోజు మండలాలలో వానను తనంతట తానే కొలిచి పంపే కేంద్రాలున్నాయి. వాటిలోనూ ఈ చిప్పే కూర్చుని ఉన్నది. సముద్రం లేకపోయినా నీరు మనలను వదలదు.

కాబట్టి సంఘ సభ్యులకు మా మనవి మూడు మాటలు.

ఒకటి. ఫోనులో వచ్చిన ప్రతి భయపు వార్తనూ పదిమందికి పంపించకండి. చిప్పు చేసే పని మనమూ చేద్దాము. ఇది మామూలు గోలా, నిజమైన కేకా? ఇంకొక సాక్షి ఉన్నాడా? అధికారికంగా ఎవరైనా చెప్పారా? తేలనిదానిని ముందుకు నెట్టవద్దు. తేలినదానిని ఆలస్యం చేయవద్దు.

రెండు. కోస్తాలో ఉన్న మన బంధువులకు ఈ సంగతి చెప్పండి. సముద్రం ఒక్కసారిగా వెనక్కు పోయినా, నేల చాలాసేపు బలంగా ఊగినా, ఎవరి ప్రకటనకూ ఎదురుచూడకుండా ఎత్తైన చోటికి పోవాలి. మొదటి అల తరువాత అంతా అయిపోయిందని దిగిరాకూడదు. గంటల తరబడి అలలు వస్తూనే ఉంటాయి.

మూడు. పిల్లల సంగతి. ఉర్దూ మీడియం పిల్లవాడికి ఈ విద్యలు అందవని మనలోనే కొందరు అంటారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు పై చదువులన్నీ ఉర్దూలోనే చెప్పారు, దానికోసం ఒక అనువాద విభాగమే పనిచేసింది. నేడు గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలో పాలిటెక్నిక్ ఉన్నది, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఉర్దూలోనే చదవవచ్చును. మన కూకట్‌పల్లిలోనే జె.ఎన్.టి.యు. ఉన్నది. బాలానగర్‌లో టూల్ డిజైన్ సంస్థ ఉన్నది, ఉపగ్రహ చిత్రాలు చూసే కేంద్రం ఉన్నది. ఇన్ని వాకిళ్ళ మధ్య ఉండి మన పిల్లవాడు ఇంటర్ మధ్యలో ఆపి దుకాణంలో కూర్చుంటే, అమ్మాయి పదవ తరగతితో ఆగిపోతే, గింజను పొట్టు అనుకుని చెరిగివేసినవాళ్ళం మనమే అవుతాము. ఫీజుకు ఇబ్బంది ఉన్న కుటుంబాలు సంకోచించకుండా కార్యవర్గానికి చెప్పండి. సగటు, భాగహారం, వర్గమూలం వచ్చిన పిల్లలకు ఈ విద్య అందుతుందని ఈ గంటలో మీరే చూశారు.

కొలత తీసేది యంత్రం. గీత ఎక్కడ గీయాలో నిర్ణయించేది మనిషి. ఆ మనిషి రేపు ఈ చాపమీదనుండి లేచినవాడు, లేచినది కావాలని మా కోరిక.

 పిల్లలు ఇంటికి పోయి 4,000 మీటర్ల లెక్క ఒకసారి వేసి చూడండి. 2,000 మీటర్ల లోతులో వేగం ఎంతో కట్టి తెచ్చినవారికి రేపు బడిలో మేము ఒక కలం ఇస్తాము.

ఖుదా హాఫిజ్.